యూదా మరణం: మత్తయి 27నూ, అపొస్తలుల కార్యములు 1నీ కలిపి చదవడం ఎలా?

ప్రశ్న – సండే స్కూల్ ఉపాధ్యాయుడు, కృష్ణా జిల్లా

అందరికీ వందనాలు. మా సంఘంలో పదో తరగతి, ఇంటర్మీడియట్ చదివే పిల్లలకు నేను ఆదివారం పాఠం చెబుతాను. శ్రమకాలపు పాఠాల్లో భాగంగా యేసును పట్టించిన శిష్యుడు ఇస్కరియోతు యూదా గురించి చెబుతుండగా, ఒక అమ్మాయి బైబిలులో రెండు చోట్ల వేళ్లు పెట్టుకుని లేచి నిలబడింది. మత్తయి 27వ అధ్యాయంలో యూదా పశ్చాత్తాపపడి, ముప్పై వెండి నాణేలను దేవాలయంలో పారవేసి, "పోయి ఉరిపెట్టుకొనెను". తర్వాత ప్రధాన యాజకులు ఆ డబ్బుతో "కుమ్మరివాని పొలము కొనిరి". అపొస్తలుల కార్యములు 1:18లో మాత్రం పొలం కొన్నది యూదాయే. అతడు "తలక్రిందుగాపడి", నడుముకు బద్దలై, పేగులు బయటపడి చనిపోయాడని అక్కడ ఉంది. "ఈ రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయి సార్?" అని ఆ అమ్మాయి అడిగింది.

ఉరితాడు తెగి కింద పడి ఉంటాడని, చిన్నప్పుడు నేను విన్న సమాధానమే చెప్పాను. తాడు తెగిందని ఎక్కడ రాసి ఉందో చూపించమంది. చూపించలేకపోయాను. ఇంటికి వచ్చి మళ్లీ చదివితే ఇంకొక చిక్కు కనబడింది. ఈ ముప్పై నాణేల ప్రవచనాన్ని మత్తయి 27:9 యిర్మీయాకు ఆపాదిస్తుంది. ఆ మాటలకు దగ్గరగా ఉన్నవి మాత్రం జెకర్యా 11:12–13లో ఉన్నాయి.

ఎవరినో ఓడించడానికి నేను ఈ ప్రశ్న అడగడం లేదు. ఆ అమ్మాయి నిజాయితీగా అడిగింది కాబట్టి నేను కూడా నిజాయితీగానే జవాబు చెప్పాలి. దయచేసి బైబిలులోని ఇతర వ్యత్యాసాల జోలికి వెళ్లకుండా, ఈ రెండు వాక్యభాగాల గురించే మాట్లాడవలసిందిగా పెద్దలను కోరుతున్నాను.


జవాబు – విశ్రాంత పాస్టరు

మీరు చెప్పిన సమాధానం గురించి సిగ్గుపడవలసిన పని లేదు. సంఘం శతాబ్దాలుగా దాదాపు అదే చెబుతూ వచ్చింది. లాటిన్ వల్గేట్ అనువాదంలో అపొస్తలుల కార్యములు 1:18 దగ్గర "తలక్రిందుగా పడి" అన్న మాటకు బదులు "ఉరి వేసుకొని" అన్న అర్థం వచ్చే మాటే ఉంది. అంటే ఆ అనువాదంలో రెండు వృత్తాంతాలూ అప్పటికే ఒకటిగా కలిసిపోయాయి. మత్తయి అతడు చావుకు ఎంచుకున్న దారి చెప్పాడు, అపొస్తలుల కార్యములు రాసిన లూకా ఆ దేహానికి చివరికి పట్టిన గతి చెప్పాడు. ఒకటి ఉన్నంత మాత్రాన రెండోది ఉండకూడదని లేదు.

ఇక పొలం సంగతి. ఒకరి డబ్బుతో, ఒకరి కారణంగా జరిగిన పనిని ఆ మనిషే చేసినట్టు చెప్పడం అన్ని భాషల్లోనూ ఉన్నదే. యోహాను 4:1లో యేసు బాప్తిస్మమిస్తున్నాడని చెప్పి, మరుసటి వచనంలోనే ఇచ్చింది ఆయన కాదు, ఆయన శిష్యులని యోహాను వివరిస్తాడు. ధవళేశ్వరం ఆనకట్ట కాటన్ దొర కట్టాడని మన గోదావరి జిల్లాల్లో అందరమూ అంటాం. రాళ్లు మోసింది ఆయన కాదని తెలియక కాదు. యాజకులు ఆ డబ్బును కానుక పెట్టెలో వేయడానికి నిరాకరించారు కాబట్టి అది యూదా డబ్బుగానే మిగిలింది, దానితో కొన్న పొలమూ అతని పేరనే నిలిచింది అని పూర్వ వ్యాఖ్యాతలు చెప్పే వివరణలో నాకు బలవంతమేమీ కనబడదు.

405 ప్రాంతంలో ప్రాచీన సంఘ బోధకుడు అగస్టీను, బైబిలు అనువాదకుడు జెరోముకు రాసిన ఉత్తరంలో ఒక నియమం పెట్టుకున్నాడు. లేఖనంలో సత్యానికి విరుద్ధంగా ఏదైనా కనబడితే, చేతిరాత ప్రతి తప్పు కావాలి, లేదా అనువాదకుడు పొరబడి ఉండాలి, లేదా నాకే అర్థం కాలేదని ఒప్పుకోవాలి అని దాని సారాంశం. నలభై ఏళ్లు వాక్యం బోధించిన తర్వాత, మూడో కారణమే ఎక్కువ సార్లు నిజమైందని నా అనుభవం.


జవాబు – న్యాయవాది

నేను విశ్వాసిని కాను. అయినా ఈ ప్రశ్న అడిగిన తీరు నచ్చి రాస్తున్నాను. పాస్టరు గారి మీద గౌరవంతోనే ఒక అభ్యంతరం చెబుతాను.

తాడు తెగడం అసంభవమని ఎవరూ అనలేరు. కానీ "ఇలా జరిగి ఉండవచ్చు" అన్నది వేరు, "ఈ రచయిత ఇదే చెప్పాడు" అన్నది వేరు. మత్తయి వృత్తాంతంలో పడటం లేదు, లూకా వృత్తాంతంలో ఉరి లేదు. రెండింటినీ అతికించి మనం చెప్పే మూడో కథ ఇద్దరిలో ఎవరూ రాయనిది. కోర్టులో ఇద్దరు సాక్షులు వివరాల్లో తేడాగా చెబితే ఇద్దరినీ తోసిపుచ్చం. ముఖ్యాంశంలో వారు కలుస్తున్నారా అని చూస్తాం. ఇక్కడ కలుస్తున్నారు: ద్రోహం చేసినవాడు ఘోరంగా చనిపోయాడు, ద్రోహపు డబ్బుకూ ఒక పొలానికీ సంబంధం ఉంది, ఆ పొలానికి "రక్తపు పొలము" అని రక్తం పేరు వచ్చింది. అయితే ఇద్దరి వాంగ్మూలాలూ సరిపోవడానికి మనమే ఒక మూడో వాంగ్మూలం రాసి వారి చేత సంతకం చేయించం.

పైగా తాడు తెగిందన్న వివరణ అసలు చిక్కును తాకను కూడా తాకదు. ఆ పొలానికి ఆ పేరు ఎందుకు వచ్చిందో చూడండి. మత్తయిలో అది యేసు రక్తానికి వెలగా ఇచ్చిన డబ్బు, "రక్తక్రయధనము", కాబట్టి ఆ పేరు. అపొస్తలుల కార్యములలో యూదా చావు సంగతి యెరూషలేము వారందరికీ తెలిసింది గనుక ఆ పేరు. ఒక చోట రక్తం యేసుది, రెండో చోట యూదాది. అలాగే ఒక చోట యూదా కుమిలిపోయి డబ్బు విసిరికొట్టాడు, రెండో చోట పశ్చాత్తాపం ప్రస్తావనే లేదు. ఇద్దరూ మన ముందు నిలబెట్టే మనిషే వేరు.


జవాబు – వేదాంత విద్యార్థిని

న్యాయవాది గారు సరైన చోటే వేలు పెట్టారు. అయితే తేడా ఉందని గుర్తించడంతో ఆగిపోకుండా, ఆ తేడా ఎందుకు వచ్చిందని అడిగితే ఈ రెండు భాగాలూ ఎంతో లోతుగా కనబడతాయని నా నమ్మకం. అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు భాష సంగతి. మన తెలుగు బైబిలులో రెండు చోట్లా "కొను" అన్న క్రియే ఉంది. గ్రీకులో మత్తయి వాడింది వెల ఇచ్చి కొనడాన్ని చెప్పే క్రియ, లూకా వాడింది సంపాదించుకోవడం, సొంతం చేసుకోవడం అన్న అర్థం గల క్రియ. ఇది పాస్టరు గారి వివరణకు కొంత ఊతమిస్తుంది. కానీ ద్రోహపు ప్రతిఫలంతో సంపాదించుకున్నాడని లూకాయే చెబుతున్నాడు కాబట్టి, ఒక్క క్రియ మీద భారమంతా మోపడం సరికాదు. అలాగే "వారి భాషలో ఆ పొలము అకెల్దమ" (అంటే రక్తభూమి) అన్న మాటలు, ఆ అధ్యాయంలో ప్రసంగిస్తున్న పేతురు తన తోటి యెరూషలేము వారితో అనే మాటలు కావు. తమ భాషను "వారి భాష" అని ఎవరూ అనరు. ఆ రెండు వచనాలూ గ్రీకు పాఠకుల కోసం లూకా మధ్యలో చేర్చిన వివరణ అని చాలామంది వ్యాఖ్యాతలు భావించడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మత్తయి. "ఉరిపెట్టుకొనెను" అన్న చోట అతడు వాడిన గ్రీకు క్రియ కొత్త నిబంధన మొత్తంలో అక్కడ ఒక్కచోటే వస్తుంది. పాత నిబంధన గ్రీకు అనువాదంలో అదే క్రియారూపం 2 సమూయేలు 17:23లో, అహీతోపెలు మరణం దగ్గర ఉంది. అహీతోపెలు దావీదు ఆలోచనకర్త. రాజును విడిచి, తిరుగుబాటు చేసిన రాజు కొడుకు అబ్షాలోముతో చేరి, తన ఆలోచన చెల్లకపోయేసరికి ఇంటికి వెళ్లి ఉరి వేసుకున్నాడు. ఆ ద్రోహం జరిగినప్పుడు దావీదు కిద్రోను వాగు దాటి, ఏడుస్తూ ఒలీవచెట్ల కొండ ఎక్కాడు. యేసు కూడా పట్టబడిన రాత్రి అదే వాగు దాటి, అదే కొండకు వెళ్లాడని పిల్లలకు తెలుసు కదా. దావీదు కుమారుడైన యేసు కథ చెబుతున్న మత్తయి, ఆ ద్రోహిలో అహీతోపెలును చూపిస్తున్నాడు.

యిర్మీయా పేరు విషయంలో నేను చాలాకాలం మత్తయి పొరబడ్డాడనే అనుకున్నాను. ఆ పేరు ఎలా వచ్చిందో తనకు తెలియదని పదహారో శతాబ్దపు సంస్కర్త కాల్విను కూడా ఒప్పుకున్నాడు. అగస్టీను కాలంలో కొన్ని ప్రతుల్లో ఆ పేరే లేదు. అయినా ఎక్కువ ప్రతుల్లో, పాత ప్రతుల్లో ఉన్న పాఠాన్ని సులువు కోసం వదిలేయకూడదని ఆయన అన్నాడు. నా అభిప్రాయం మారింది యిర్మీయా 19 చదివినప్పుడు. ప్రవక్త కుమ్మరి చేసిన కూజా తీసుకుని, యాజకుల పెద్దలను వెంటబెట్టుకుని, బెన్ హిన్నోము లోయకు వెళ్లి, ఈ స్థలాన్ని నిరపరాధుల రక్తంతో నింపారని ప్రకటిస్తాడు. ఆ స్థలానికి కొత్త పేరు వస్తుందనీ, అక్కడ శవాలు పాతిపెడతారనీ చెబుతాడు. కుమ్మరి, యాజకులు, నిరపరాధ రక్తం, పేరు మారిన నేల, శవాలను పాతిపెట్టే చోటు: ఇవన్నీ మత్తయి 27లో మళ్లీ వస్తాయి. అకెల్దమగా సంప్రదాయం చూపించే చోటు కూడా యెరూషలేముకు దక్షిణంగా ఆ హిన్నోము లోయలోనే ఉంది. ముప్పై నాణేలు జెకర్యావి, పొలం యిర్మీయాది. మార్కు కూడా 1:2–3లో మలాకీ మాటలను యెషయా మాటలతో కలిపి, యెషయా పేరే చెప్పాడు. కొత్త నిబంధనలో యిర్మీయాను పేరుపెట్టి తలచుకునే ఏకైక రచయిత మత్తయి. మూడు చోట్ల తలచుకున్నాడు. కాబట్టి ఆ పేరు పొరపాటున పడిందని నేను ఇక అనుకోను.

జెకర్యా 11:13లో "కుమ్మరి" అన్న హెబ్రీ మాట "ఖజానా" అన్న మాటకు చాలా దగ్గరగా ఉంటుంది. ప్రాచీన సిరియా అనువాదం ఆ చోట ఖజానా అనే చదివింది. మత్తయిలో యాజకులు ఆ డబ్బు ఖజానాకు తగదని తేల్చి కుమ్మరి పొలం కొంటారు. రెండు పాఠాలూ ఎరిగినవాడే అలా రాయగలడని నాకనిపిస్తుంది. ఇది మాత్రం నా ఊహ, దీని మీద పట్టుబట్టను.

లూకా దృష్టి వేరు. అతని పుస్తకంలో దేవునికి ఎదురు నిలిచినవారు హఠాత్తుగా పడిపోతారు: 5వ అధ్యాయంలో అననీయ, సప్పీరా, 12వ అధ్యాయంలో పురుగులు పడి చనిపోయిన హేరోదు. వెంటనే కీర్తన 69 నుంచి "అతని నివాసం పాడైపోవాలి" అన్న అర్థం గల వచనాన్ని పేతురు ఎత్తిచూపుతాడు. పొలం యూదాదైతేనే ఆ వచనం దానికి అతుకుతుంది. రెండో శతాబ్దపు తొలి భాగంలో పపియాస్ అనే బిషప్పు, యూదా ఒళ్లు విపరీతంగా ఉబ్బి, చివరికి తన సొంత నేల మీదే చనిపోయాడని మూడో కథ చెప్పాడు. అంటే ఆ తొలి తరాల్లో యూదా చావు గురించి ఒకే కథ వాడుకలో లేదు. ఒకటిగా కలపాలన్న తొందర మనది, వారిది కాదు.


జవాబు – విశ్రాంత పాస్టరు

అమ్మా, అహీతోపెలు గురించి మీరు రాసింది చదివి చాలా సంతోషించాను. ఇన్నేళ్లలో ఆ క్రియ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు. ఒక్క మాట మాత్రం విడిచిపెట్టలేను. లేఖనాల వెలుగులో రాశారంటే జరిగినదాన్ని పట్టించుకోలేదని అర్థం కాకూడదు. యూదా నిజంగా చనిపోయిన ఒక మనిషి. అతడు ఏదో ఒక విధంగా చనిపోయాడు. ఆ విధం ఏమిటని అడగడం తప్పు కాదు, తాడు తెగి ఉండవచ్చని అనుకోవడం కూడా తప్పు కాదు. లాయరు గారు చెప్పినట్టు, అది వాక్యంలో రాసి ఉన్నట్టు చెప్పడమే తప్పు. ఆ తప్పు నేను ప్రసంగాల్లో చేశాను.


జవాబు – కతోలిక ఉపదేశి

మా సంఘంలో ఈ ప్రశ్న వచ్చినప్పుడు 1965 నాటి రెండో వాటికన్ మహాసభ పత్రం ఒకటి చూపిస్తాం. మన రక్షణ కోసం దేవుడు లేఖనాల్లో ఉంచదలచిన సత్యాన్ని అవి తప్పులేకుండా బోధిస్తాయని దాని భావం. పొలం దస్తావేజు ఎవరి పేర ఉందన్నది ఆ సత్యంలో భాగమా అని అడిగితే, కాదనే నేను అంటాను. నాలుగో శతాబ్దం చివర అంతియొకయలో యోహాను క్రిసోస్తొము మత్తయి సువార్త మీద తన మొదటి ప్రసంగంలోనే, చిన్న విషయాల్లో సువార్తికుల మధ్య కనిపించే తేడాలు వారు కూడబలుక్కుని రాయలేదనడానికి రుజువని చెప్పాడు.


ప్రశ్న అడిగిన ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం ఆ అమ్మాయితో ముందుగా, తాడు తెగిందని వాక్యంలో లేదని, అది పెద్దల ఊహ అని చెబుతాను. తర్వాత తరగతి మొత్తం చేత 2 సమూయేలు 15 నుంచి 17 వరకు, యిర్మీయా 19, జెకర్యా 11 చదివించి, ఆ తర్వాతే మత్తయి 27 తెరవమంటాను. పొలం పేరు ఎవరి రక్తం వల్ల వచ్చిందన్న లాయరు గారి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. దాన్ని అలాగే పిల్లల ముందు పెడతాను. ఆ అమ్మాయికి ఏమైనా తోస్తే ఇక్కడే రాస్తాను.