సమస్యాపూరణం: ‘దోషి నిర్దోషి, నిర్దోషి దోషి యయ్యె’

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య తేటగీతి పాదం:

*దోషి నిర్దోషి, నిర్దోషి దోషి యయ్యె*

నతానియెల్ హాథార్న్ 1850లో వెలువరించిన ‘ది స్కార్లెట్ లెటర్’ నవల ఆధారంగా పూరించాలి. చదవనివారి కోసం కథ నాలుగు ముక్కల్లో చెబుతాను. 1640ల బోస్టన్, ప్యూరిటన్లనే కరడుగట్టిన క్రైస్తవ వర్గం ఏలుబడి. భర్త దూరాన ఉండగా బిడ్డను కన్న హెస్టర్ ప్రిన్‌ను శిక్షావేదిక మీద మూడు గంటలు నిలబెట్టి, బతికినంతకాలం రొమ్ము మీద ఎర్రని ‘ఏ’ అక్షరం (‘అడల్టరీ’, అంటే వ్యభిచారం అనే ఇంగ్లీషు మాటకు తొలి అక్షరం) ధరించాలన్నారు. బిడ్డ తండ్రి ఎవరో ఆమె చెప్పలేదు. అతడు ఆ ఊరు కొలిచే యువ మతగురువు డిమ్స్‌డేల్. ఏడేళ్లు గుట్టుగా ఉన్నాడు. భర్త రోజర్ చిల్లింగ్‌వర్త్ అనే మారుపేరుతో వైద్యుడై వచ్చి ఆ గురువు ఇంట్లోనే మకాం పెట్టాడు.

సమస్యలో యతి కుదిరే ఉంది. మిగతా పాదాలు మీ వంతు. పాపం, పశ్చాత్తాపం అని రెండు మాటలు చల్లి చేతులు దులుపుకునే పూరణలు వద్దని ముందే మనవి.

కృష్ణాతీరవాసి:

గుండె మీఁద నక్షరమును గొన్న సతియు
గుండె లోపల దాఁచిన గురువరుండు
నిలిచి రొకవేదిపైఁ దుద నిజము దెలియ
దోషి నిర్దోషి, నిర్దోషి దోషి యయ్యె

నిర్వాహకుడు:
క్రమాలంకారం చక్కగా పట్టుకున్నారు. సతికి మొదటి సగం, గురువుకు రెండో సగం. గణాలు, యతులు నిర్దుష్టం. నా పేచీ అంతా ‘నిజము దెలియ’ దగ్గరే. చివరి వేదిక మీద గురువు రొమ్ము చూపించి ప్రాణం విడిచాక ఊరి పెద్దమనుషులు కొందరు ఏమన్నారో గుర్తుందా? ఆయన రొమ్ము మీద ఏ గుర్తూ లేదన్నారు. మనమంతా పాపులమేనని నేర్పడానికే ఆ పుణ్యాత్ముడు పతిత చేతుల్లో కన్నుమూశాడని భాష్యం చెప్పారు. కళ్లారా చూసినవారికే నిజం తెలియలేదు, తెలుసుకోవడం వారికి ఇష్టం లేదు. ఇక హెస్టర్ విషయం. ఈ ఘట్టానికి ఎంతో ముందే, రోగుల దగ్గరా బీదల ఇళ్లలోనూ ఆమె చేసిన సేవ చూసి, ఆ అక్షరానికి ‘ఏబుల్’, అంటే ‘సమర్థురాలు’ అనే అర్థం చెప్పుకోసాగారు జనం. ఆమె పేరు నిలబెట్టింది గురువు ఒప్పుకోలు కాదు.

కొత్తకలం:
నాది మొదటి ప్రయత్నం. తొలి పాదం ఇది, సరిగా ఉంటే మిగతావి పెడతాను.

ప్రేమించి పెండ్లి కాకయె బిడ్డఁ గనియె

విశ్రాంత ఉపాధ్యాయుడు:
నాయనా, తేటగీతి పాదం సూర్యగణంతో మొదలవ్వాలి. ‘ప్రేమించి’ తగణం, అక్కడ ఇమడదు. అంతకంటే పెద్ద దోషం కథలో ఉంది. ఆమెకు పెళ్లి అయింది, ఆ చిక్కంతా అందువల్లనే. ఇలా నడిపించి చూడు:

బిడ్డతో నిల్చె వేదిపై బెదరకుండ

‘బి–బె’ యతి. మిగిలినవి నువ్వే అల్లుకో.

పద్యప్రియ:

పాపి నేనె నేనని సభఁ బలుకుచుండ
పావనుండని మ్రొక్కిరి భక్తులెల్ల
కప్పుకొనె నొప్పుకోలునే కంబళముగ
దోషి నిర్దోషి, నిర్దోషి దోషి యయ్యె

నిర్వాహకుడు:
అమ్మా, మూడో పాదం చదివి కాసేపు ముందుకు కదలలేదు. నవల మొత్తంలో నన్ను అన్నిటికంటే వెంటాడేది ఆ ఘట్టమే. ప్రార్థనామందిరంలో డిమ్స్‌డేల్ తనంత నీచుడు లేడని చెబుతాడు. ఏ నీచపు పనో మాత్రం చెప్పడు. ఆ మాటకు జనం ఇంత వినయమా అని మరింత మోకరిల్లుతారు. అలా జరుగుతుందని ఆయనకు ముందే తెలుసు! అబద్ధం ఆడి దాచేవాణ్ని ఎప్పటికైనా పట్టుకోవచ్చు, నిజం చెప్పి దాచేవాణ్ని ఎలా పట్టుకోవాలి? రహస్యంగా కొరడాతో తన ఒళ్లు తానే హూనం చేసుకున్నా, ఆ దెబ్బలు చూసినవారెవరు? మొదటి రోజున వేదిక ఎదుట నిలబడి, నీతో పాపం చేసినవాడి పేరు చెప్పమని హెస్టర్‌ను బతిమాలిందీ ఆయనే. తాను చెప్పవలసినది ఆమె నోట చెప్పించాలనుకున్నాడు.

అయితే అన్వయం సగంలో ఆగింది. దోషి నిర్దోషి అయ్యాడు, సరే. మరి ‘నిర్దోషి దోషి’ అయినది ఎవరు?

పద్యప్రియ:
హెస్టర్ బిడ్డ పెర్ల్, గురువుగారూ. ఏమీ ఎరగని పసిదాన్ని దయ్యం సంతానమన్నారు కదా. ‘కంబళం’ పాదం తీసేసి ఈ పాదం పెట్టనా?

పసిది దయ్యపుఁ గూనయై బ్రతికె నకట

విశ్రాంత ఉపాధ్యాయుడు:
తీసేయకు తల్లీ! తేటగీతి మాలికకు అడ్డేముంది? అయిదు పాదాలూ ఉంచు. ‘కంబళముగ’ తర్వాత ఈ పాదం చేర్చితే సమస్య రెండు సగాలకూ అన్వయం కుదురుతుంది.

వైద్యకవి:
మన వృత్తివాడి సంగతి ఎవరూ ఎత్తలేదేమి?

మోసపోయిన మగఁడయ్యు మొదటి నాఁడు
వైద్యమను పేర నెదఁ ద్రవ్వి వగను బెంచి
చంప కుండఁగఁ జంపెను శాంతముగను
దోషి నిర్దోషి, నిర్దోషి దోషి యయ్యె

కృష్ణాతీరవాసి:
‘చంపకుండఁగఁ జంపెను’ అద్భుతమండీ. కానీ చిల్లింగ్‌వర్త్ మొదట నిర్దోషేనా? చెరసాలలో హెస్టర్‌తో అతడే ఒప్పుకుంటాడు, వయసు మళ్లినవాడినై నీ యౌవనాన్ని నాకు కట్టేసుకోవడమే తొలి తప్పు అని.

వైద్యకవి:
నిజమే, కానీ ఊరి దృష్టిలో నిర్దోషి. పైగా అడవిలో కలిసినప్పుడు డిమ్స్‌డేల్ ఆ ముసలివాడి పగ నా పాపం కంటే నల్లనిదంటాడు.

పద్యప్రియ:
అనక మరేమంటాడు? తన పాపాన్ని తేలిక చేయడానికి ఆయనకొక తూకంరాయి కావాలి కదా!

కొత్తకలం:
ఒక సందేహం. హెస్టర్ పశ్చాత్తాపపడింది కాబట్టి నిర్దోషి అయిందనుకోవచ్చా?

నిర్వాహకుడు:
అదే అడవిలో ఆమె మాట చూడండి. మనం చేసినదానికి దాని పవిత్రత దానికుందని గురువుతోనే అంటుంది. అక్షరం పీకి పారేసి జుట్టు విరబోసుకుంటుంది. అప్పుడు వాగు అవతల నిలబడ్డ పెర్ల్, తల్లి ఆ అక్షరం తిరిగి పెట్టుకుంటే గానీ దగ్గరకు రానంటుంది. కథ ముగిశాక, ఏ అధికారీ అడగకపోయినా, హెస్టర్ సముద్రాలు దాటి బోస్టన్‌కు తిరిగివచ్చి దాన్ని తనంతట తాను ధరిస్తుంది. దాన్ని పశ్చాత్తాపమనండి, పట్టుదల అనండి, నేను తీర్పు చెప్పను. ఊరు వేసిన శిక్ష మాత్రం అప్పటికి ఆమె సొంతమైంది.

డాలస్ తెలుగు:
నవల గడప దాటి పూరించాను, మన్నించాలి.

ఒప్పుకొన్నట్టి వారికి నుసురు మిగిలె;
కాము కామన్న వారికిఁ గంఠమందు
నురిని బిగియించె సేలమందున్న కొలువు
దోషి నిర్దోషి, నిర్దోషి దోషి యయ్యె

1692లో, బోస్టన్ దగ్గరి సేలం ఊళ్లో జరిగిన మంత్రగత్తెల విచారణలలో, మంత్రగత్తెలమని ఒప్పుకుని ఆ మాట మీదే నిలిచినవారు ఉరి తప్పించుకున్నారు. కాదని చివరిదాకా నిలబడ్డవారిలో 19 మందిని ఉరితీశారు.

నిర్వాహకుడు:
గడప దాటలేదు, పునాదిలోకి దిగారు. ఆ విచారణలు జరిపిన న్యాయాధికారుల్లో జాన్ హాథార్న్ మన నవలాకారుడికి ముత్తాత తండ్రి. నవల ముందుమాటలో రచయిత తన పూర్వీకుల తరఫున ఆ సిగ్గును తన మీద వేసుకుంటున్నానని రాశాడు. రెండో పాదంలోని ‘కాము కామన్న’లో గొంతు వణుకు కూడా వినిపించింది. ఒక్క సవరణ: ‘మిగిలె’ తర్వాత విరామం లేకుండా చదివితే సంధిలో ‘కాము’ కాస్తా ‘గాము’ కావాలి. అర్ధవిరామం పెట్టారు కనుక ఊరుకుంటున్నాను.

నా ఓటు పద్యప్రియగారి మాలికకు. డాలస్ వారి పూరణ ఎక్కువ తెలివైనదని ఒప్పుకుంటూనే వేస్తున్నాను. సేలంలో కొలువు అబద్ధం చెప్పించింది, ఇక్కడ ఒక మంచివాడు నిజాన్నే అబద్ధంగా వాడుకున్నాడు. పద్యంలో పట్టడానికి ఆ రెండోది కష్టం.

వచ్చే వారానికి ఆటవెలది చివరి పాదం. నవలకు కట్టుబడనక్కరలేదు:

*తల్లి పిలువ బిడ్డ తరలి రాదు*