పదో తరగతి హిస్టరీ పుస్తకం ఆన్‌లైన్‌లో ఎక్కడ దొరుకుతుంది?

జమ్మలమడుగు అమ్మ: మా పాప సోషల్ పుస్తకం బస్సులో పోగొట్టుకుంది. వాట్సాప్‌లో ఎవరో పంపిన పీడీఎఫ్ పెట్టుకుని వారం రోజులు చదివింది, తీరా చూస్తే పాత సిలబస్. పరీక్షకు నెల కూడా లేదు, టెన్షన్‌తో రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు బిడ్డ. అసలు పుస్తకం ఎక్కడుందో చెప్పండి.

గుత్తి టీచర్: కంగారు పడొద్దమ్మా. 2024-25లో పదో తరగతి పుస్తకాలు మారాయి, అంతకుముందువే ఇంకా గ్రూపుల్లో తిరుగుతున్నాయి. ఏది దించుకున్నా ముందు లోపలి పేజీలో ముద్రణ సంవత్సరం చూడండి. ఏపీ ఎస్‌సీఈఆర్‌టీ (మన రాష్ట్ర పాఠ్యపుస్తకాలు చూసే ప్రభుత్వ సంస్థ) పెట్టిన పీడీఎఫ్ తీసుకోండి, డబ్బు కట్టక్కర్లేదు, ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు ఉంటుంది. ఢిల్లీలో ఉండే కేంద్ర సంస్థ ఎన్‌సీఈఆర్‌టీ సైట్‌లో తెలుగు కోసం వెతికి టైమ్ పోగొట్టుకోవద్దు, అక్కడ ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ మాత్రమే. స్నేహితురాలి పుస్తకంలో క్యూఆర్ కోడ్ ఉంటే ప్రభుత్వ పాఠాల యాప్ దీక్షాతో స్కాన్ చేయించండి.

కర్నూలు డిగ్రీ: అక్కా, ఫోన్‌లో చదివితే మ్యాపులు బుర్రకెక్కవు. నేను మ్యాపుల పేజీలు మాత్రం జిరాక్స్ షాపులో ప్రింట్ తీయించి గోడకు అంటించుకున్నా.

ప్రొద్దుటూరు అన్న: పరీక్ష అయ్యాక పాపకు ఇంకోటి చూపించమ్మా. ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి హిస్టరీలో విజయనగరం పాఠం మొదట్లోనే కల్నల్ కాలిన్ మెకంజీ అనే బ్రిటిష్ ఇంజినీరు వస్తాడు, 1800లో హంపి శిథిలాలను వెలుగులోకి తెచ్చింది ఆయనే. ఆయన మన ఊళ్ళ చరిత్ర కూడా రాయించాడు, వాటినే కైఫియత్తులంటారు. కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్తే అడగండి. మా ఊరి పక్క పల్లె పేరు అందులో కనపడిన రోజు నాకు నిద్ర పట్టలేదు. పాత తెలుగు పుస్తకాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కూడా చాలా ఉన్నాయి, కాకపోతే పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో ఇష్టమొచ్చిన స్పెల్లింగులతో ఎక్కించారు, ఒకే పేరును నాలుగు రకాలుగా కొట్టి చూడాలి.

గుత్తి టీచర్: మా పిల్లల్ని ఎర్రగుడి తీసుకెళ్ళి అశోకుడి శాసనం బండ మీద చూపించా. ఆ పాఠం మళ్ళీ చెప్పాల్సిన పని పడలేదు.

జమ్మలమడుగు అమ్మ: దొరికింది సార్! ముద్రణ సంవత్సరం చూసే దించుకున్నాం. యూరప్ జాతీయవాదం పాఠం ముందేసుకుని కూర్చుంది, మ్యాపులు రేపు ప్రింట్ తీయిస్తా.