చర్చ: ట్రాక్ డే హ్యాచ్‌బ్యాక్‌లో ముందు చెయ్యి వేయాల్సింది బరువు మీదా, బ్రేకుల మీదా?

మూడోగేరు:
ట్రాక్ డేకి (సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజు) కారు సిద్ధం చేస్తున్నాను. ముందు కారు వివరాలు. 1.2 లీటర్ల పెట్రోల్ ఇంజను, 85 హార్స్‌పవర్, ముందు చక్రాల డ్రైవ్. ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు, వెనక టార్షన్ బీమ్ (రెండు వెనక చక్రాలనూ కలిపే దూలం). గట్టి బ్రేకులో చక్రాలు లాక్ కాకుండా చూసే ఏబీఎస్ లేదు. ఖాళీ బరువు 960 కిలోలు. ఇంజను ముట్టుకునే ఉద్దేశం లేదు. ట్రాక్ దాకా నడుపుకుంటూ వెళ్లి, సాయంత్రం అదే కారులో తిరిగి రావాలి. ఎవరిని అడిగినా రెండే మాటలు. "లోపలున్నదంతా పీకెయ్, ఊరికే వచ్చే లాభం" అంటారు కొందరు. "బ్రేకులూ టైర్లూ చూసుకోకుండా సీట్లు పీకితే ఒరిగేదేం లేదు" అంటారు ఇంకొందరు. ఏది ముందు? అంకెలతో చెబితే మేలు.

స్పానర్ 10-12:
పీకడమే ముందు. లెక్క చూడండి. 75 కిలోల డ్రైవరుతో కలిపి 1035 కిలోలు. అందులో 100 కిలోలు తీసేస్తే టన్నుకు 82 హార్స్‌పవర్ ఉన్నది 91 అవుతుంది. అంటే పాత బరువు మీద 94 హార్స్‌పవర్ ఇంజను పెట్టినట్టు. ఇంత చిన్న ఇంజనులోంచి ఆ తొమ్మిది బయటికి లాగాలంటే ఎంత తంటాలో తెలిసిందే. పైగా ఇంజను పవర్ పెంచితే యాక్సిలరేటర్ తొక్కినప్పుడే లాభం. బరువు తగ్గితే బ్రేక్ తొక్కినప్పుడూ, మలుపులోనూ లాభమే.

100 ఎక్కడినుంచి వస్తుందంటారా? ఈ సైజు కార్లలో సుమారుగా: వెనక సీటు వీపూ కుషనూ కలిపి 22, స్టెప్నీ జాకీ పానా కలిపి 16, కార్పెటూ దాని కింది ఫెల్టూ 9, నేలకు అంటించిన తారు షీట్లు 6, డిక్కీ ప్లాస్టిక్కులూ పార్సిల్ ట్రే 5, ప్యాసింజర్ సీటు 14. ఇదంతా 72. ఏసీ మొత్తం తీస్తే ఇంకో 14. మామూలు బ్యాటరీ బదులు లిథియంది పెడితే 9. మొత్తం 95, వందకు దగ్గరే. ఊడదీసిన ప్రతి ముక్కనూ బాత్రూమ్ తూకం మీద పెట్టి రాసుకోండి. వే బ్రిడ్జి మీద అయిదూ పదీ కిలోల తేడా సరిగ్గా కనబడదు.

తారు షీట్లకు హీట్ గన్ వాడకండి. మెత్తబడి జిగురులా సాగుతుంది, కింద పెయింటూ దెబ్బతింటుంది. డ్రై ఐస్ ముక్కలు పరిచి పది నిమిషాలు వదిలేస్తే షీటు పెంకులా గట్టిపడుతుంది. రబ్బరు సుత్తితో కొడితే పలకలు పలకలుగా లేచొస్తుంది. దాని చలి మైనస్ 78 డిగ్రీలు, మందపాటి గ్లౌజులు తప్పవు. నాలుగు తలుపులూ డిక్కీ తెరిచే ఉంచాలి. వచ్చే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువు, కారు అడుగునే పేరుకుంటుంది, మీరు తలకాయ పెట్టేది కూడా అక్కడే.

సీటు విప్పేముందు బ్యాటరీ నెగటివ్ తీసి పది నిమిషాలు ఆగండి. సీటు కింద పసుపు కనెక్టర్ ఉంటే అది సైడ్ ఎయిర్‌బ్యాగ్‌ది. మల్టీమీటరు పెట్టి దాన్ని పరీక్షించకండి. ఏసీ గ్యాసును మెషీనుతో లాగించాకే పైపు విప్పాలి, గాల్లోకి వదలకూడదు.

మెత్తటిపెడల్:
స్పానర్ గారి కూడిక కరెక్టే. ఆ 72 కిలోలు ఏ చక్రాల మీదినుంచి పోతున్నాయన్నది మాత్రం ఆయన చూడలేదు. ఇలాంటి కారులో 62 శాతం ముందే ఉంటుంది. 960లో ముందు 595, వెనక 365. ఇప్పుడు పీకుతున్నవన్నీ దాదాపు వెనకవే. స్టెప్నీ సంగతి ఇంకా విడ్డూరం. అది వెనక ఇరుసుకు అవతల వేలాడుతుంది కాబట్టి 16 కిలోలు తీస్తే వెనక 19 తగ్గి, ముందు 3 పెరుగుతుంది. మొత్తం మీద వెనకనుంచి 57, ముందునుంచి 15 పోయాయనుకుందాం. మిగిలేది ముందు 580, వెనక 308. ముందు వాటా 65 దాటింది.

ఇక గట్టిగా బ్రేక్ తొక్కండి, 0.9 జీ (గురుత్వ త్వరణంలో 90 శాతం) అనుకోండి. వీల్‌బేస్ 2.4 మీటర్లు, బరువు కేంద్రం అర మీటరు ఎత్తు. డ్రైవర్ బరువు కలపకుండా లెక్కేస్తే, మామూలు కారులో వెనక చక్రాల మీద 185 కిలోలు నిలుస్తాయి. పీకిన కారులో 142. దాదాపు నాలుగో వంతు పోయింది, వెనక డ్రమ్ములకు వెళ్లే ప్రెషర్ మాత్రం అలాగే ఉంది. ముందు చక్రాలకన్నా మొదట వెనక చక్రాలు లాక్ అయితే (తిరగకుండా బిగిసిపోతే) కారు అడ్డంగా తిరుగుతుంది. ఏబీఎస్ కూడా లేదంటున్నారు.

ఇంకో మెలిక. ఏబీఎస్ లేని చాలా కార్లలో వెనక ఇరుసుకు ఒక చిన్న కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. డిక్కీలో సామాను ఉండి బాడీ కిందికి దిగితే వెనకకు ప్రెషర్ పెంచడం దాని పని. మనవాళ్లు పొట్టి స్ప్రింగులు వేసి కారును 30 మిల్లీమీటర్లు దించుతారు. వాల్వుకు ఏం తెలుసు పాపం, వెనక ముగ్గురు కూర్చున్నారనుకుంటుంది. ఖాళీ కారుకు నిండు కారు ప్రెషర్ పంపుతుంది. సీట్లు పీకడం, పొట్టి స్ప్రింగులు వేయడం, వాల్వును మరిచిపోవడం, ఈ మూడూ కలిస్తే మొదటి గట్టి బ్రేకింగులోనే కారు వెనక్కి తిరిగి చూస్తుంది. కడ్డీ పొడవు సరిచేసే బోల్టు ఉంటుంది. దించినంత మేర దాన్ని మార్చాలి.

కాబట్టి నా వరస: మొదట బ్రేక్ ఆయిలు, ప్యాడ్లు. కొత్త డాట్ 4 ఆయిలు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హామీ 155కే. డాట్ 5.1 అయితే 260, 180. ఒక లీటరు తెచ్చుకుంటే పాతదంతా బయటికి తోసేయొచ్చు. డాట్ 5 జోలికి వెళ్లకండి, అది సిలికాన్‌ది, వీటితో కలవదు. 100 కిలోలు తీస్తే డిస్కులకు చేరే వేడి పదో వంతు తగ్గే మాట నిజమే. కానీ రెండేళ్ల పాత ఆయిలు నాలుగో ల్యాపులో మరిగేది ఆరో ల్యాపులో మరుగుతుంది, అంతే తేడా.

స్పానర్ 10-12:
వెనక తేలికవుతుందంటే ఒప్పుకుంటా. అందుకే ఏసీ, బ్యాటరీ కూడా తీయమన్నది, అవి ముందువి. అవి పోతే వాటా మళ్లీ 64కి దిగుతుంది. ప్యాసింజర్ సీటు మధ్యలోది, దాంతో నష్టం లేదు. ఇంకో మాట, ముందు చక్రాల డ్రైవ్ కారుకు వెనక కాస్త తేలికవడం అంత పాపమేం కాదు. మలుపులో ముక్కు లోపలికి రాకపోవడమే కదా వీటి పుట్టు జబ్బు.

టో-జీరో:
ఆ జబ్బుకు మందు డిక్కీలో లేదు, ముందు చక్రాల స్ట్రట్‌లో (చక్రాన్ని పట్టుకునే సస్పెన్షన్ కంబంలో) ఉంది. ముందు చక్రాల కాంబర్ (ముందునుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలిన కోణం) ఫ్యాక్టరీలో సున్నా దగ్గరే ఉంటుంది. మలుపులో బాడీ వాలాక బయటి చక్రం అంచు మీద నిలబడుతుంది, టైరు భుజం అరిగిపోతుంది. స్ట్రట్ కింది రెండు బోల్టుల్లో పైదాని బదులు కాంబర్ బోల్టు వేస్తే మైనస్ 1.5 డిగ్రీల దాకా, అంటే పైభాగం లోపలికి వాలేలా, వస్తుంది. మైనస్ 2.5 కావాలంటే పైన కాంబర్ ప్లేట్లు. కాంబర్ బోల్టు అసలుదానికన్నా సన్నం, బిగింపు కూడా తక్కువే చెప్తారు. కంపెనీ బోల్టు టార్కుతో బిగిస్తే సాగుతుంది, వదులుగా వదిలేస్తే కెర్బు ఎక్కినప్పుడు జారుతుంది. బిగించాక బోల్టు తల మీదినుంచి స్ట్రట్ మీదికి పెయింటుతో ఒక గీత గీయండి. పిట్‌లోకి (ట్రాక్ పక్కన కార్లు ఆపే చోటికి) వచ్చినప్పుడు గీత విరిగిందా లేదా చూస్తే చాలు. కాంబర్ మారితే టో (పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) కూడా మారుతుంది, అలైన్‌మెంట్ అయ్యేదాకా ట్రాక్ ఎక్కకండి. రోడ్డు మీద టైరును తినేది కాంబర్ కాదు, టో. ముందు చక్రాల టో సున్నాకి పెట్టండి.

టైరు ట్రెడ్‌వేర్ (అరుగుదల అంకె, తక్కువైతే రబ్బరు మెత్తన) 200 అని రాసిన రకం చాలు. పక్కన ఉండే నాలుగంకెల తేదీ చూడండి, 2321 అంటే 2021లో 23వ వారం. పాతబడిన రబ్బరుకు ఎంత ట్రెడ్ ఉన్నా పట్టు ఉండదు. చల్లగా ఉన్నప్పుడు 26 పీఎస్ఐతో మొదలుపెట్టి, రెండు మూడు ల్యాపులయ్యాక పిట్‌లోకి వచ్చి వేడి మీద చూడండి. 32 దగ్గర ఉండాలి. టైరు భుజం మీద మూడు చోట్ల సుద్దముక్కతో అడ్డగీతలు గీయండి. గీత ట్రెడ్ అంచు దాకానే చెరిగితే సరే. పక్కగోడ మీదికి కూడా చెరిగిందంటే గాలి తక్కువ, లేదా కాంబర్ చాలలేదు. తిరుగు ప్రయాణానికి ముందు రోడ్డు ప్రెషర్ మళ్లీ నింపడం మరిచిపోవద్దు.

వెనక తేలికైతే లాభమన్న స్పానర్ గారికి: బరువు తగ్గితే అదే స్ప్రింగు మరింత గట్టి స్ప్రింగులా పనిచేస్తుంది, వెనక ఎత్తు కూడా లేస్తుంది. ఎండలో ముక్కు తిరుగుతుంది, నిజమే. తడి ట్రాక్ మీద మలుపు మధ్యలో యాక్సిలరేటర్ వదిలిన క్షణం తోక ముందుకొస్తుంది. కొత్త డ్రైవరుకు అది చెప్పి రాదు.

మూడోగేరు:
రోల్ కేజ్ (కారు బోల్తా పడ్డా పైకప్పు నలగకుండా లోపల వేసే ఉక్కు గొట్టాల చట్రం) సంగతి? లోపల ఖాళీ అయ్యాక ఎలాగూ వేయడం సులువు కదా. దాంతోపాటు నాలుగు పాయింట్ల హార్నెస్ (నాలుగు చోట్ల బిగించే రేసు బెల్టు) కూడా అనుకుంటున్నాను.

హెల్మెట్‌తప్పదు:
ఆగండి. రోడ్డు మీద కూడా నడిపే కారన్నారు. రోడ్డు మీద హెల్మెట్ ఉండదు. పూర్తి కేజ్ వేస్తే తలకు పక్కన, పైన ఉక్కు గొట్టాలు ఉంటాయి. మామూలు సీటు బెల్టు కాస్త సాగేలానే చేస్తారు, పక్కనుంచి గుద్దినప్పుడు తల వెళ్లి తగిలేది ఆ గొట్టానికే. మెత్త చుట్టామంటారు. కేజ్ మెత్త హెల్మెట్ పెట్టుకున్న తలకోసం చేసింది, వట్టి తలకు అది రాయే. పూర్తి కేజ్ 30–40 కిలోలు కూడా. పీకినదాంట్లో మూడో వంతు మళ్లీ ఎక్కించినట్టే.

మీ వాడకానికి సీటు వెనక ఉండే సగం కేజ్ సరిపోతుంది. మోటార్ రేసుల అంతర్జాతీయ సంస్థ ఎఫ్ఐఏ నిబంధనల్లో అపెండిక్స్ జె 253వ ఆర్టికల్ కొలతలు చూడండి. ప్రధాన హూప్‌కు (సీటు వెనక విల్లులా నిలిచే గొట్టానికి) 45 × 2.5 లేదా 50 × 2 మిల్లీమీటర్ల సీమ్‌లెస్ ఉక్కు గొట్టం. హూప్ పాదం కింద 3 మిల్లీమీటర్ల మందం, 120 చదరపు సెంటీమీటర్ల ప్లేటు. పాదానికి కనీసం మూడు ఎం8 బోల్టులు. ప్లేటు లేకుండా నేరుగా నేల రేకుకు బిగిస్తే, కారు బోల్తా పడ్డప్పుడు గొట్టం పాదం రేకును చీల్చుకుని కిందికి దిగిపోతుంది, పైకప్పు దాంతోపాటే దిగుతుంది.

నాలుగు పాయింట్ల హార్నెస్ వద్దు. గుద్దినప్పుడు భుజం పట్టీలు నడుం పట్టీని పైకి లాగుతాయి, మనిషి దాని కిందినుంచి జారతాడు, పట్టీ పొట్ట మీదికి వస్తుంది. కాళ్ల మధ్య పట్టీ ఉన్న ఆరు పాయింట్లది, దానికి తగ్గ బకెట్ సీటు, భుజం పట్టీలు కట్టడానికి హూప్‌కు అడ్డ గొట్టం, ఇవన్నీ ఒక సెట్. పట్టీలు సీటు పైనుంచి వెనక్కి దాదాపు సమంగా పోవాలి, నేలలో దిగేసిన హుక్కుకు కడితే వెన్నును కిందికి నొక్కుతాయి. సెట్ మొత్తం పెట్టలేకపోతే కంపెనీ సీటు, కంపెనీ మూడు పాయింట్ల బెల్టు ఉంచేయండి. సగం సగం చేసేదాని కన్నా అది నయం.

స్పానర్ 10-12:
కేజ్ విషయంలో వాదన లేదు. కానీ బకెట్ సీటు ఒక్కటైనా ముందే వేసుకోవచ్చు. డ్రైవర్ సీటులో 7, 8 కిలోలు తగ్గడం సరే, మలుపులో స్టీరింగ్ పట్టుకుని వేలాడకుండా కూర్చోవచ్చు.

హెల్మెట్‌తప్పదు:
వేయండి, కంపెనీ బెల్టు బకిల్ ఆ సీటు పక్కనుంచి నడుం దాకా చక్కగా వస్తేనే. సీటు గోడ మీదినుంచి బెల్టు వంతెనలా పోతే పెట్టుకున్నా లేనట్టే.

మెత్తటిపెడల్:
పెడల్ గురించి ఒక గుర్తు రాసి పెట్టుకోండి. పెడల్ మెత్తబడి నేలదాకా పోతే ఆయిలు మరిగింది. పెడల్ రాయిలా గట్టిగా ఉండి కారు మాత్రం ఆగకపోతే ప్యాడ్ల పని అయిపోయింది. మందు వేరువేరు. ప్యాడ్ సగం అరిగితే ట్రాక్‌కు మార్చేయండి. పలచటి ప్యాడ్ వేడిని నేరుగా పిస్టన్‌కు, అక్కడినుంచి ఆయిలుకు పంపుతుంది. రంధ్రాల డిస్కులకు ఆశపడకండి, వేడికి పగుళ్లు రంధ్రాల దగ్గరే మొదలవుతాయి. ఆఖరి ల్యాపు బ్రేకులు వాడకుండా నెమ్మదిగా తిప్పి, పిట్‌లో హ్యాండ్‌బ్రేక్ వేయకుండా గేరులో పెట్టి వదలండి.

టో-జీరో:
ట్యాంకు ఖాళీగా పెట్టుకుని బరువు తగ్గించే తెలివి కూడా కొందరికి ఉంటుంది. సగం ట్యాంకు అంటే చిన్న కారులో 13 కిలోలు. పావు కన్నా దిగితే పొడవాటి మలుపులో పెట్రోలు ఒక పక్కకు పోయి పంపు గాలి మింగుతుంది. ఇంజను ఆయిలు కూడా అంతే, గరిష్ఠ గీత దగ్గరే ఉండాలి, ప్రతి సెషన్ తర్వాత చూడాలి. ఆయిలు లైటు మలుపులో ఒక్కసారి మినుకుమన్నా ఆ రోజుకు ఆపేయండి, బేరింగులు అప్పటికే దెబ్బతినడం మొదలై ఉండొచ్చు.

మూడోగేరు:
సరే. ఆయిలు, ప్యాడ్లు, టైర్లు, కాంబర్ బోల్టులు ముందు. స్ప్రింగులు ఇప్పుడే వద్దు. స్టెప్నీ లేకుండా రోడ్డెక్కడం మాత్రం ధైర్యం చాలడం లేదు.

స్పానర్ 10-12:
ఎందుకు చాలాలి? స్టెప్నీ, జాకీ, వెనక కుషన్, పార్సిల్ ట్రే, ఇవన్నీ చేత్తో పది నిమిషాల్లో ఊడేవే. ట్రాక్‌కు తీసుకెళ్లి పిట్‌లో దించేయండి, సాయంత్రం మళ్లీ ఎక్కించండి. డ్రిల్లు, డ్రై ఐస్ అవసరమైనవి తర్వాత చూద్దాం.

మెత్తటిపెడల్:
దించాక మొదటి సెషన్‌లో తిన్నటి దారి మీద, వెనక ఎవరూ లేనప్పుడు, రెండు సార్లు గట్టిగా బ్రేక్ తొక్కి చూడండి. మొదట లాక్ అయ్యేవి ముందు చక్రాలే కావాలి. తోక కదిలిందంటే స్టెప్నీ మళ్లీ డిక్కీలో వేసి, ఆ రోజంతా దాంతోనే నడపండి. వాల్వు కడ్డీ సంగతి ఇంటికెళ్లాక చూసుకోవచ్చు.