సమస్య: "ఆరు రెట్లైన నంకెలు మారవయ్య"

నిర్వాహకుడు: ఈసారి తేటగీతి, నాలుగు పాదాల పద్యం. పైన ఇచ్చిన సమస్య చివరి పాదం, ముందు మూడు పాదాలూ మీరు పూరించాలి. ఆరు–మార ప్రాసయతి, అంటే యతిస్థానంలో మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరం (రు–ర) కలిసింది. ఆరు రెట్లు చేశాక కూడా అంకెలు మారకపోవడం ఎలాగో మీరే తేల్చాలి. ఆది అచ్చు పై పాదంతో కలిసి "నారు", "యారు" అయినా అభ్యంతరం లేదు.

వేసవిగాలి:
పప్పు నూనెల ధరలన్ని పైకి పోయె
పిల్ల చదువుల ఖర్చేమొ పెరుగుచుండె
నెలకు వచ్చు జీతపుఁ జీటి నేడు చూడ
నారు రెట్లైన నంకెలు మారవయ్య

నిర్వాహకుడు: రెట్లైనవి ధరలు, మారనివి జీతం చీటీలోని అంకెలు. ఒకే పాదంలో కర్తలు ఇద్దరైనా అన్వయం సాగింది. హాయిగా ఉందండీ.

లెక్కల మాస్టారు:
చంద్ర వేద నేత్రంబులు సామజములు
బాణ మునులను వరుసగా వ్రాసి చూడ
రెండు మూడు నాల్గైదుల రీతిగానె
యారు రెట్లైన నంకెలు మారవయ్య

చంద్రుడు 1, వేదాలు 4, నేత్రాలు 2, సామజాలు (ఏనుగులు) 8, బాణాలు 5, మునులు 7: 142857 అన్నమాట. రెండింతలు 285714, మూడింతలు 428571, ఆరింతలు 857142. అవే అంకెలు!

ఛందోమిత్ర: మాస్టారూ, యతులు బాగున్నాయి గానీ భూతసంఖ్యలకు, అంటే అంకెలకు బదులు వాడే ఇలాంటి పేర్లకు, "అంకానాం వామతో గతిః" (అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయి) కదా! మీ పద్యం చెప్పే సంఖ్య 758241. దాన్ని ఆరుతో హెచ్చిస్తే 4549446. ఆ తొమ్మిది ఎక్కణ్ణుంచి వచ్చినట్టు?

లెక్కల మాస్టారు: సవరణ:
మునులు బాణగజంబులు ముందు నిలిపి
నేత్ర వేద చంద్రుల నంత నెమ్మిఁ జేర్చి
వామగతిఁ జదివినయంత పట్టుపడఁగ
నారు రెట్లైన నంకెలు మారవయ్య

నిర్వాహకుడు: ఇప్పుడు లెక్క నిలిచింది. "నెమ్మి" యతి కోసం వచ్చిన మాటే, పోనీండి. "రెండు మూడు నాల్గైదుల" అన్న నడక మాత్రం సవరణలో ఎగిరిపోయింది, నాకు అదే ఇష్టం. ఇంతకీ ఎందుకు మారవు?

ఛందోమిత్ర: అంతా ఏడు చలవ. ఒకటిని ఏడుతో భాగిస్తూ పోతే దశాంశాల్లో 142857 మళ్ళీ మళ్ళీ వస్తుంది; 1, 3, 2, 6, 4, 5 శేషాలు వరుసగా వచ్చి మళ్ళీ ఒకటి దగ్గరికి చేరతాయి. ఏడులోపు శేషాలన్నీ ఒకే చుట్టులో ఉన్నాయి. ఆరు రెట్లంటే ఆ చుట్టును ఆరు దగ్గర మొదలుపెట్టడమే. అందుకే 857 ముందుకొచ్చి 142 వెనక్కి వెళ్ళింది. ఏడు రెట్లు చేస్తే మాత్రం 999999.

వేసవిగాలి: పదమూడుతో భాగించినా ఇంతేనాండీ?

ఛందోమిత్ర: కాదు. పదమూడుతో వచ్చే 076923 ఆరింతలు 461538. అక్కడ శేషాలు రెండు చుట్లుగా చీలిపోతాయి. పదిహేడుకు కుదురుతుంది: దానితో వచ్చే 0588235294117647 ఆరింతలు 3529411764705882. పదహారంకెలూ అవే, మొదటి సున్నానూ అంకెగా లెక్కపెడితే.

లెక్కల మాస్టారు: సున్నాకు "గగనం" ఉండనే ఉంది, వామగతిలో చివర పడుతుంది. కానీ పదహారు భూతసంఖ్యలు మూడు పాదాల్లో ఎక్కడ ఇరికించను?

నిర్వాహకుడు: సీసం ఎత్తుకోండి, దాని పాదాలు పెద్దవి. కింద తేటగీతి పెట్టుకోవచ్చు, సమస్య దాని చివరి పాదం. గడువు ఆదివారం రాత్రి.