టీమ్‌లో సగం మంది వెళ్లిపోయారు, మళ్లీ ఎలా నిలబెట్టాలి?

అందరికీ నమస్తే. తిరుపతిలో చిన్న రగ్బీ సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే రగ్బీ) టీమ్ నడుపుతున్నాను. పోయినేడు పన్నెండు మంది ఉండేవాళ్లు, ఇప్పుడు ఆరుగురే. ఇద్దరు ఆర్మీకి, ముగ్గురు చెన్నైలో ఉద్యోగాలకి, ఒకడేమో "అన్నా, ఇంట్లో ఒప్పుకోవట్లేదు" అని మెసేజ్ పెట్టి జెర్సీ మా గేటుకి తగిలించి పోయాడు. తప్పు పట్టలేను, మన దగ్గర దీంతో కడుపు నిండదు కదా.

అసలు చిక్కేంటంటే స్క్రమ్‌లో, అంటే రెండు జట్ల వాళ్లు ముగ్గురేసి భుజాలు కలిపి బంతి కోసం నెట్టుకునే చోట, నిలబడే ముగ్గురూ ఒకేసారి పోయారు. హుకర్‌గా (స్క్రమ్ మధ్యలో నిలబడి బంతిని కాలితో వెనక్కి లాగేవాడు) ఒక కబడ్డీ కుర్రాడిని పెట్టాను. టాకిల్ అదరగొడతాడు, కానీ బంతి చేతికొస్తే చాలు ముందుకి విసిరేస్తాడు, పాస్ వెనక్కే వెళ్లాలని ఎన్నిసార్లు చెప్పినా అంతే! వరుసగా ఐదు మ్యాచ్‌లు ఓడాం. ఇంగ్లండ్‌లో వూస్టర్ వారియర్స్ అనే రగ్బీ క్లబ్ 2022లో అప్పులతో మూతపడి 2025లో మళ్లీ ఆడటం మొదలుపెట్టింది, కాకపోతే వాళ్లకి డబ్బు పెట్టేవాళ్లు దొరికారు, మాకు అలిపిరి మెట్లే జిమ్.

కొత్తవాళ్లతో ముందు పాసింగ్ చేయించాలా, స్క్రమ్మా? మెడకి దెబ్బ తగలకుండా స్క్రమ్ నేర్పడం ఎలా, అదే పెద్ద టెన్షన్. మూడు నెలలు మ్యాచ్‌లు ఆపేయనా, ఓడుతూనే ఆడించనా? ఇలా టీమ్ కట్టినవాళ్లుంటే కాస్త చెప్పండి.