సన్నగా ఉన్న బాపుకు కాలి నరంలో బ్లాక్, మరి నాకెంత రిస్కు?

సుబేదారి_తమ్మి:
మాది హన్మకొండ. బాపుకు 66 ఏళ్లు. కొన్నాళ్లుగా నడిస్తే కుడి పిక్క పట్టేస్తోంది, ఆగితే వదిలేస్తుంది, మళ్లీ నడిస్తే మళ్లీ మొదలు. మోకాలి అరుగుదల అని నూనెలు రాసుకుంటూ కాలం గడిపాడు. చివరికి డాప్లర్ (రక్తనాళాల స్కాన్) తీయిస్తే ధమనిలో అడ్డు ఉంది, అథెరోస్క్లెరోసిస్, అంటే ధమని గోడలో కొవ్వు చేరి గట్టిపడే జబ్బు అన్నారు, గుండె కూడా చూపించుకోమన్నారు. నాకు అర్థం కానిదేంటంటే ఆయన బక్కపల్చటి మనిషి, మాంసం పండగకో పబ్బానికో తప్ప ముట్టడు, బీడీ మానేసి పదిహేనేళ్లు దాటింది. షుగర్ ఉంది కానీ గోళీలు వేసుకుంటాడు.
ఇక నా సంగతి. 38 ఏళ్లు, పొగ అలవాటు లేదు, దావత్ ఉంటే ఒక బీరు. ఆఫీసు చెకప్‌లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 142, ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 210, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, బీపీ 134/86. ల్యాబ్ కాగితం మీద ఎల్‌డీఎల్ దగ్గర బోర్డర్‌లైన్ అని ఉంది. బాపుకు వచ్చింది కాబట్టి నాకూ వస్తుందా? వీటిలో ఏది నిజంగా పట్టించుకోవాలి? యూట్యూబ్ చూసిన కొద్దీ టెన్షన్ పెరుగుతోంది తప్ప ఏం తెలియట్లేదు.

ఎండీ_కాజీపేట:
తమ్మీ, ముందు బాపు సంగతి. కాలికి రక్తం చాలకపోతే అచ్చం ఇట్లనే ఉంటుంది, నడిస్తే నొప్పి, ఆగితే మాయం. కాలి ధమనులను పాడుచేసేవాటిలో పొగాకు, షుగర్ అన్నిటికన్నా ముందుంటాయి, ఆయనకు రెండూ ఉన్నాయి. బీడీ మానడం మంచి పనే, లాభం తప్పకుండా ఉంటుంది, కానీ అది వెంటనే సున్నా అయ్యే లెక్క కాదు. అమెరికాలో వేల మందిని ఏళ్ల తరబడి గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, మానేసిన తర్వాత కూడా గుండె నాళాల ముప్పు దాదాపు 20 ఏళ్లు, కాలి నాళాల ముప్పు దాదాపు 30 ఏళ్లు, ఎప్పుడూ తాగనివాళ్లకన్నా ఎక్కువే ఉందని తేలింది. బక్కగా ఉన్నంత మాత్రాన అది పోదు.
ఇంకో మాట. అందరూ అనుకునేట్టు ఇది ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) కాలువలో పూడిక చేరినట్టు నాళం లోపల పేరుకునేది కాదు. ఎల్‌డీఎల్ కణాలు నాళం గోడలోకే దూరతాయి, పొగ, బీపీ, షుగర్ వల్ల లోపలి పొర దెబ్బతిన్న చోట ఇంకా ఎక్కువ దూరతాయి. వాటిని మింగిన తెల్లకణాలు అక్కడే ఉబ్బి చిక్కుకుపోతాయి, గోడ మందమవుతుంది. ఆ మందం ఎక్కడైనా పగిలితే దాని మీద రక్తం గడ్డ కడుతుంది, గుండెపోటు చాలాసార్లు అట్లా వస్తుంది, అంతకుముందు పెద్ద అడ్డు లేని చోట కూడా. ఇదంతా అరవైలో మొదలయ్యేది కాదు. కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికన్ సైనికుల గుండెలు కోసి చూసి 1953లో రాశారు, సగటు వయసు 22 ఉన్న కుర్రాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి ఆనవాళ్లు ఉన్నాయి. అందుకే ఎల్‌డీఎల్ ఎంత ఉందో ఒక్కటే చూస్తే సరిపోదు, ఎన్నేళ్లుగా అట్లా ఉందో కూడా చూడాలి.
నీకు 142 అంటే నేనైతే వదిలేయను. మన కార్డియాలజీ సొసైటీ 2024 మార్గదర్శకాల్లో ముప్పు తక్కువ ఉన్నవాళ్లకే 100 లోపు ఉండాలన్నారు. బాపు లాంటి వాళ్లకు 55 లోపు. పైగా నీ కాగితంలో నాకు ఎల్‌డీఎల్ కన్నా ముందు కనబడింది వేరే. ట్రైగ్లిజరైడ్స్ 150 దాటాయి, హెచ్‌డీఎల్ 40 కన్నా తక్కువ, బీపీ 130/85 దాటింది. నడుము, షుగర్‌తో కలిపి ఐదింటిలో మూడు ఉంటే మెటబాలిక్ సిండ్రోమ్, అంటే గుండె జబ్బు, షుగర్ ముప్పు పెంచే గుంపు అంటాం, నీకు మూడూ ఉన్నాయి. టేపు తీసుకుని నడుము కొలువు, మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) కూడా చేయించు.

బండ్_వాకర్:
డాక్టర్ గారూ, మా తాత రోజూ కట్ట బీడీలు తాగి తొంభై దాటి బతికాడు. ఇప్పుడేమో ప్రతిదీ జబ్బే, గోళీలు అమ్ముకోవడానికే ఈ నంబర్లు తగ్గిస్తున్నారని నా అనుమానం. గానుగ పల్లి నూనె వాడి, పొద్దున్నే వెల్లుల్లి నమిలి, భద్రకాళి బండ్ మీద నాలుగు రౌండ్లు కొడితే చాలు.

ల్యాబ్_అన్న:
అన్నా, బండ్ మీద రౌండ్లు కొట్టుర్రి, ఎవరూ వద్దనరు. కానీ మీ తాత బతికాడు కాబట్టి మాట్లాడుకుంటున్నాం, యాభైలోపే పోయినవాళ్ల కథ చెప్పేవాళ్లు లేరు. 52 దేశాల్లో చేసి 2004లో వేసిన ఇంటర్‌హార్ట్ అనే అధ్యయనంలో పొగ, కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మనసు ఒత్తిడి, పండ్లు కూరగాయలు తినకపోవడం, కదలకపోవడం లాంటి తొమ్మిది విషయాలే మొదటి గుండెపోటు ముప్పులో 90 శాతానికి లెక్క తేల్చాయి. వాటిలో నూనె బ్రాండ్ లేదు. అదే అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకు మొదటి గుండెపోటు 53 ఏళ్ల ప్రాంతంలో వస్తుంటే మిగతా వాళ్లకు 59 దగ్గర. ఇక నూనె గానుగదైనా మిర్చి బజ్జీ మూకుడులో అదే నూనె మళ్లీ మళ్లీ కాగితే మంచిది కాదు, అంతే.

జగిత్యాల_అక్క:
అందరూ మగవాళ్ల గురించే మాట్లాడుతున్నారు. ఆడవాళ్లకు నెలసరి ఆగాక ఈ ముప్పు పెరుగుతుంది, నలభై లోపే ఆగితే ఇంకా ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగినవాళ్లకు, షుగర్ వచ్చినవాళ్లకు కాన్పు అయ్యాక తగ్గిపోయింది కదా అని ఎవరూ మళ్లీ చూడరు. నాకు రెండో కాన్పులో బీపీ వచ్చింది, ఆ సంగతి తర్వాత ఏ చెకప్‌లోనూ ఎవరూ అడగలేదు, నేనే చెప్పుకోవాల్సి వచ్చింది. కీళ్లవాతం (రుమటాయిడ్) ఉన్నా ముప్పు ఎక్కువే. ఇంట్లో మొగుడు తాగే పొగ పక్కన కూర్చున్న మనమూ పీలుస్తాం, అది కూడా లెక్కే. తమ్మీ, మీ అమ్మగారికి కూడా బీపీ, షుగర్ చూపించండి.

సుబేదారి_తమ్మి:
అక్కా, అమ్మకు ఈ వారమే చేయిస్తా. నడుము 96 వచ్చింది, ప్యాంటు సైజు చూసి ఇంత ఉందనుకోలేదు. డాక్టర్ గారూ, ఇంకోటి, మా పెద్దబాపు 49లో గుండెపోటుతో పోయాడు, ఆయనకు పొగ లేదు, షుగర్ లేదు. అది నాకు లెక్కకు వస్తుందా?

ఎండీ_కాజీపేట:
కుటుంబ చరిత్ర అన్నప్పుడు మామూలుగా అమ్మానాన్న, తోడబుట్టినవాళ్లనే లెక్కేస్తాం, మగవాళ్లకైతే 55 లోపు, ఆడవాళ్లకైతే 65 లోపు వస్తేనే. ఆ లెక్కన బాపుది రాదు, పెద్దబాపుది నేరుగా రాదు. కానీ ఏ అలవాటూ లేకుండా 49లో పోయాడంటే లైపోప్రోటీన్ ఏ (ఎల్‌డీఎల్ లాంటిదే ఇంకో కొవ్వు కణం) అనే పరీక్ష ఒక్కసారి చేయించు. మామూలు లిపిడ్ ప్రొఫైల్‌లో, అంటే కొలెస్ట్రాల్ పరీక్షలో, అది ఉండదు. పుట్టుకతో వచ్చేది, తిండితో, నడకతో పెద్దగా మారదు, అందుకే జీవితంలో ఒకసారి చూస్తే చాలు. డెసిలీటరుకు 50 మిల్లీగ్రాములు దాటితే మిగతా వాటిని, ముఖ్యంగా ఎల్‌డీఎల్‌ని, ఇంకా గట్టిగా అదుపులో పెట్టాలి. స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే గోళీ) కావాలా వద్దా అన్నది ఆ ఫలితం, హెచ్‌బీఏ1సీ చూశాక మీ డాక్టర్‌తో కూర్చుని తేల్చుకో, ఇక్కడ నేను గోళీ పేరు రాయను.
బాపు పాదాలు రోజూ చూడండి. షుగర్, అడ్డు రెండూ ఉన్న కాలికి చిన్న పుండు పడినా మానదు. పడుకున్నప్పుడు కూడా నొప్పి ఉన్నా, వేలు నల్లబడుతున్నా తెల్లారేదాకా ఆగొద్దు, అప్పుడే ఆసుపత్రికి తీసుకెళ్లండి. లిపిడ్ పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదు, ట్రైగ్లిజరైడ్స్ 400 దాటి వస్తే మాత్రం మళ్లీ పరగడుపున ఇవ్వాలి.