బడిలో పిల్లల మనసు చూసే కౌన్సెలర్లకు ఏడాది డిప్లొమా సరిపోతుందా, పీజీ చదివి బడిలోనే ఇంటర్న్‌షిప్ చేసి ఉండాలా?

నరసరావుపేట మాష్టారు:

విశాఖలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక విద్యార్థిని మరణం కేసులో సుప్రీంకోర్టు 2025 జులై 25న తీర్పిచ్చింది. వంద మంది, అంతకు మించి పిల్లలున్న ప్రతి విద్యాసంస్థా పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సోషల్ వర్కర్‌నో కనీసం ఒకరిని పెట్టుకోవాలంది. చట్టం వచ్చేదాకా ఇదే అమలు. 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. కాబట్టి పెట్టాలా వద్దా అని చర్చించే దశ దాటిపోయింది. ఎవరిని పెట్టాలి, వాళ్లు ఏం చదివి ఉండాలి? అది తేల్చాలి.

నా మాట సూటిగా చెబుతాను. ఇప్పుడు బడుల్లో ఉన్న టీచర్లకే శిక్షణ ఇవ్వాలి. ఎన్‌సీఈఆర్‌టీ వారి గైడెన్స్, కౌన్సెలింగ్ డిప్లొమా ఉంది. ఏడాది కోర్సు: ఆరు నెలలు దూరవిద్య, మూడు నెలలు ముఖాముఖి తరగతులు, మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్. మన రెండు రాష్ట్రాలకూ మైసూరు ప్రాంతీయ విద్యాసంస్థ కేంద్రం. పిల్లాడి తండ్రి వలస వెళ్లాడా, ఇంట్లో తాగుడు ఉందా, మధ్యాహ్న భోజనం తప్ప వాడికి వేరే తిండి ఉందా, ఇవన్నీ మాకు తెలుసు. పీజీ చేసి పట్నంలో ప్రాక్టీసు పెట్టుకున్నవారు మా మండలానికి వచ్చి జిల్లా పరిషత్ బడిలో కూర్చుంటారా? రారు. వచ్చేవారి కోసం ఎదురుచూస్తూ ఎన్ని బ్యాచ్‌లను పదో తరగతి దాటిద్దాం?

హన్మకొండ పీజీ:

మాష్టారూ, మీ ఆవేదన అర్థమైంది, కానీ పరిష్కారంతో ఏకీభవించలేను. నేను సైకాలజీలో ఎమ్మెస్సీ చేసి ఒక ప్రైవేటు బడిలో కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను.

మార్కులు వేసే మనిషి దగ్గర, స్టాఫ్ రూములో మిగతా టీచర్లతో కలిసి టీ తాగే మనిషి దగ్గర పిల్లలు మనసు విప్పరు. లెక్కల సారంటే భయం అని చెప్పాల్సిన పిల్ల ఆ లెక్కల సారు దగ్గరికే కౌన్సెలింగ్‌కు ఎలా వెళుతుంది? టీచర్ ఎంత మంచివారైనా సరే, ఆ కుర్చీలో కూర్చుని ఈ పని చేయడం కుదరదు.

ఇంకో సంగతి. ఒక పిల్ల తన మీద ఇంట్లో లైంగిక దాడి జరుగుతోందని చెప్పి, ఎవరికీ చెప్పొద్దని బతిమాలుతుంది. పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం అది పోలీసులకు తెలియజేసి తీరాలి, దాచితే నేరం. మొదటి మాటల్లోనే "నువ్వు చెప్పేవి నాలోనే ఉంచుకుంటాను, నీ ప్రాణానికో ఒంటికో అపాయం ఉంటే మాత్రం సాయం చేయగలవాళ్లకు చెబుతాను" అని పిల్ల వయసుకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి, చెప్పాక ఆమె బెదిరి మౌనంలోకి పోకుండా ఎలా చూసుకోవాలి, ఇది పుస్తకంలో చదివితే రాదు. అనుభవం ఉన్నవారు పక్కన కూర్చుని దిద్దితేనే వస్తుంది. సొంత ఊళ్లో మూడు నెలల ఇంటర్న్‌షిప్ అంటున్నారు. ఆ ఊళ్లో దిద్దేవారెవరు?

మా పీజీల గురించి కూడా గొప్పలు చెప్పను. రెండేళ్ల ఎమ్మెస్సీలో థియరీ ఎక్కువ, బడిలో గడిపేది చాలా తక్కువ. గట్టి పర్యవేక్షణ ఉన్న చదువు అంటే ఇన్నాళ్లూ రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు ఉన్న రెండేళ్ల క్లినికల్ సైకాలజీ ఎం.ఫిల్, అది ఆసుపత్రుల్లో, ప్రత్యేక సంస్థల్లో జరిగేది. బడి కోసమంటూ విడిగా లైసెన్సు మన దేశంలో లేదు. అందుకే ఎవరికి వారు బోర్డు పెట్టుకుంటున్నారు.

జమ్మికుంట అమ్మ:

మీరిద్దరూ ఏడ్చే పిల్లల గురించే మాట్లాడుతున్నరు. చదువు రాక బాధపడే పిల్లల సంగతేంది?

మా బాబు అయిదో తరగతి. తెలుగుల 'కమల', 'పలక' చదువుతడు. 'కష్టం', 'స్నేహితుడు' వస్తే ఒత్తు కాడ ఆగిపోతడు. ఒక లైన్ వదిలి ఇంకో లైన్‌లకు పోతడు. వాడు చదివేది ఇంగ్లిష్ మీడియం. బడిల కౌన్సెలర్ అని ఒక మేడం ఉన్నది. మంచిగనే మాట్లాడింది, పిల్లాడికి ధైర్యం చెప్పాలె, ఫోను తగ్గించాలె అన్నది. రెండేండ్లు అట్లనే పోయినయి. తర్వాత హైదరాబాద్‌ల ఒక సెంటర్‌కు తీసుకపోయినం. పరీక్షలన్నీ ఇంగ్లిష్‌లనే పెట్టిన్రు, రిపోర్టు ఇంగ్లిష్‌లనే ఇచ్చిన్రు. డిస్లెక్సియా అన్నరు, అంటే అక్షరాలు చదువుడు కష్టమయ్యే సమస్యనట. ఇంగ్లిష్ రాక చదవలేకపోతున్నడా, అసలు చదువుడే కష్టమా అని అడిగితే సరిగ్గ చెప్పలేదు. తెలుగుల చదివించి చూడున్రి అంటే తమ దగ్గర తెలుగు పరీక్ష లేదన్నరు.

2016 వికలాంగుల చట్టంల ఈ సమస్య ఉన్నది అంటరు. చట్టంల ఉంటే సరిపోదు కద. బడిల ఎవరికో ఒకరికి అది గుర్తుపట్టుడు రావాలె.

ఫ్రిస్కో నుంచి:

అమ్మా, మీరు అడిగిన పనే నా ఉద్యోగం. నేను టెక్సస్‌లో ప్రభుత్వ బడుల్లో స్కూల్ సైకాలజిస్టుని. ఇక్కడ రెండూ వేర్వేరు ఉద్యోగాలు. పిల్లల రోజువారీ ఇబ్బందులు, కోర్సుల ఎంపిక, స్నేహితుల గొడవలు చూసేది స్కూల్ కౌన్సెలర్. నేర్చుకోవడంలో, ప్రవర్తనలో లోపం ఎక్కడుందో పరీక్షించి, ఆ పిల్లకు ప్రత్యేక విద్య అవసరమో కాదో తేల్చే బృందంలో ఉండేది స్కూల్ సైకాలజిస్టు. 1975లో ప్రత్యేక విద్య చట్టం వచ్చాక ఈ రెండో పని విపరీతంగా పెరిగింది. అక్కడ మనవాళ్లు రెండింటినీ ఒకే మనిషి నెత్తిన పెడుతున్నారు. డిప్లొమానా పీజీనా అన్న గొడవలో సగం అక్కడే పుడుతోందని నాకనిపిస్తుంది.

మా చదువు డిగ్రీ తర్వాత మామూలుగా మూడేళ్లు, కనీసం 60 క్రెడిట్లు. పరీక్షలు పెట్టడం, గణాంకాలు, చట్టం, పిల్లల ఎదుగుదల నేర్పిస్తూ మధ్యమధ్యలో బడులకు పంపుతారు. చివరి ఏడాది మొత్తం ఇంటర్న్‌షిప్, 1,200 గంటలు. అందులో కనీసం 600 గంటలు బడిలోనే గడపాలి. సీనియర్ ఒకరు వారానికి సుమారు రెండు గంటలు నాతో కూర్చుని ప్రతి కేసూ అడిగేవారు. తల్లిదండ్రులకు ఫలితాలు చెప్పే సమావేశానికి ఆమె కూడా వచ్చి, వెనక కూర్చుని, నేను ఏ మాట దగ్గర ఆ తల్లి మొహం మారిందో తర్వాత చెప్పేవారు. నా చదువులో నాకు బాగా పనికొచ్చింది అదే.

డాక్టరేట్ ఉండాలా అని ఇక్కడా దశాబ్దాలుగా వాదన ఉంది. సైకాలజిస్టు అనిపించుకోవాలంటే డాక్టరేట్ ఉండాలని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ అంటుంది. స్పెషలిస్టు స్థాయి మూడేళ్ల చదువు చాలునని 1969లో ఏర్పడిన స్కూల్ సైకాలజిస్టుల జాతీయ సంఘం అంటుంది. బడులు ఎక్కువగా నడుస్తున్నది ఈ రెండో దారి మీదే. నేనూ దీనికే ఓటు వేస్తాను. అయిదారేళ్ల డాక్టరేట్ తప్పనిసరి చేస్తే పల్లె బడులకు మనిషే దొరకడు.

ఇక తెలుగు పరీక్ష గురించి. పిల్లకు బాగా వచ్చిన భాషలో పరీక్షించాలని ఇక్కడి చట్టం చెబుతుంది. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలు నా దగ్గరికీ వస్తారు. తెలుగు పిల్లల మీద ప్రామాణీకరించిన, అంటే చాలామందికి పెట్టి సగటు కొలతలు తేల్చిన పరీక్ష నా చేతిలో లేదు కాబట్టి, అనువాదకుల సాయంతో చేసి, ఈ అంకెల్ని ఎంతవరకు నమ్మవచ్చో రిపోర్టులో రాయాలి. అది రాయకపోతే మా సీనియర్ సంతకం పెట్టేవారు కాదు. తెలుగు అక్షరాలతో, గుణింతాలతో, ఒత్తులతో చదువును పరీక్షించడం తెలుగు రాష్ట్రాల శిక్షణలోనే ఉండాలి. ఆ పని మేం ఇక్కడ కూర్చుని చేసిపెట్టలేం.

కాకినాడ లెక్చరర్:

రెసిడెన్షియల్ జూనియర్ కాలేజీల్లో పనిచేసిన మనిషిగా ఒకటే చెబుతాను. ఏ అర్హత పెట్టినా జీతం యాజమాన్యమే ఇస్తే ఆ కౌన్సెలర్ "స్టడీ అవర్ తగ్గించండి, ఈ అబ్బాయిని కొన్నాళ్లు ఇంటికి పంపండి" అని రాయగలరా? శిక్షణలో అదీ నేర్పాలి: ఎవరికి రాయాలి, ఎలా రాయాలి, ఒత్తిడి వస్తే ఎవరిని అడగాలి. ఈలోగా ఎవరికైనా అవసరమైతే 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు. ప్రతి హాస్టల్ గోడ మీదా ఆ నంబరు ఉండాలి.

నరసరావుపేట మాష్టారు:

పని రెండు రకాలన్నది ఒప్పుకుంటున్నాను. పరీక్షించి డిస్లెక్సియా తేల్చడం మా డిప్లొమాతో అయ్యే పని కాదు, అది చదివినవారే చెయ్యాలి. జమ్మికుంట అమ్మగారి బాబుకు జరిగింది ఏ పిల్లాడికీ జరగకూడదు. అయితే వాడు ఒత్తుల దగ్గర ఆగుతున్నాడని మొదట చూడగలిగేది ఎవరు? తెలుగు టీచరు. ఆ పిల్లాడిని పంపాల్సిన చోటికి పంపేపాటి చదువు మాకు ఇవ్వండి అంటున్నాను. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ ఇవ్వాలని ఆ తీర్పులోనే ఉంది. ఆ రెండుసార్లతో సరిపెట్టకుండా మండలానికి ఇద్దరికైనా పూర్తి కోర్సు చేయించమంటున్నాను.

పీజీ కావాలంటారు, చేద్దామంటే దారేది? ఇగ్నోలో సైకాలజీ ఎంఏ దూరవిద్యలో చేసిన టీచర్లు ఎంతో మంది. 2025లో యూజీసీ సైకాలజీని దూరవిద్య నుంచి తీసేసింది. ఉద్యోగం మానేసి యూనివర్సిటీకి వెళ్లి కూర్చోమంటారా?

హన్మకొండ పీజీ:

ఆ నిర్ణయాన్ని నేను సమర్థిస్తాను మాష్టారూ. మనిషి ఎదుట కూర్చుని నేర్చుకోవాల్సిన పనిని పోస్టులో వచ్చే పుస్తకాలతో నేర్పకూడదు. కానీ తలుపు మూసినప్పుడు పక్కన ఇంకో తలుపు తెరవాలి, అది తెరవలేదు. మీతో ఒప్పుకునేది ఇక్కడే. ఆసక్తి ఉన్న టీచర్లను జీతంతో సహా రెండేళ్లు డెప్యుటేషన్ మీద పంపాలి. ఉస్మానియా, ఆంధ్రా, వెంకటేశ్వర యూనివర్సిటీల్లో సైకాలజీ శాఖలు ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవారి జాతీయ సంస్థ ఉంది, పరీక్షలు తయారు చేసిన అనుభవం వాళ్లది. ఈ రెండింటినీ కలిపి, రెండో ఏడాదిలో సగం ప్రభుత్వ బడుల్లోనే గడిపేలా ఒక పీజీ పెట్టవచ్చు. మొదటి రెండు బ్యాచ్‌లను దిద్దడానికి ఫ్రిస్కో మేడం లాంటివారు వీడియోలో వారానికో గంట ఇవ్వగలరా?

ఒక్క షరతు. చదువయ్యాక వాళ్లను పాత బడికి వేయకూడదు, సబ్జెక్టు చెప్పనివ్వకూడదు.

ఫ్రిస్కో నుంచి:

గంట ఇస్తాను, ఇంకో ఇద్దరు ముగ్గుర్ని అడుగుతాను. కానీ నేను కేసు మీద మాట్లాడగలను, సంతకం పెట్టలేను. పిల్ల ప్రమాదంలో ఉన్న రోజు ఆ జిల్లాలోనే ఫోను ఎత్తే సీనియర్ ఒకరుండాలి. అలాంటివారు జిల్లాకు ఒకరు లేకుండా ఇంటర్న్‌లను బడుల్లోకి పంపితే నేను అందులో ఉండను.

నరసరావుపేట మాష్టారు:

డెప్యుటేషన్ మాటకు మా సంఘంలో మద్దతు అడుగుతాను. సబ్జెక్టు చెప్పకూడదన్నదీ సరే. పాత బడి వద్దన్నది మాత్రం ఒప్పుకోలేను. మా పిల్లల్ని తెలిసినవాడని కదా నన్ను పంపమన్నాను. పక్క మండలానికి వేస్తే నేనూ అక్కడ కొత్తవాడినే.

జమ్మికుంట అమ్మ:

ఏ బడికి వేసినా మంచిదే సార్. మా బాబు వచ్చే ఏడు ఆరో తరగతి. తెలుగుల చదివించి చూసేటోళ్లు హన్మకొండల ఎవరైన ఉన్నరా, మేడం?

హన్మకొండ పీజీ:

అక్కా, ప్రామాణికమైన పరీక్ష నేను చేయలేను, నాకు ఆ అర్హత లేదు. కానీ బాబు రెండో తరగతి నుంచి రాసిన తెలుగు నోట్‌బుక్కులు, ఆ ఇంగ్లిష్ రిపోర్టు తీసుకుని ఆదివారం రండి. నాకు తెలిసిన క్లినికల్ సైకాలజిస్టు ఒకరు తెలుగులో చదివించి చూస్తారు. నేనూ పక్కనే ఉంటాను. వివరాలు మెసేజ్‌లో పంపుతున్నాను.